పత్తి స్లాట్‌కు యాపా, ఫోన్ కాలా?

హనుమకొండలో ఇంజనీరింగ్ ప్రాజెక్టులు చేసే పిల్లలు పత్తి సీజన్ వచ్చిందంటే ఇదే అడుగుతారు: "అన్నా, రైతులు పత్తి అమ్ముకునే రోజు, అదే స్లాట్, బుక్ చేసుకోవడానికి యాప్ చేద్దామా, ఫోన్ కాల్ పెడదామా?"

చూపించడానికి యాపే బాగుంటుంది. తేదీలు, జిన్నింగ్ మిల్లులు, ధరలు అన్నీ కళ్ల ముందుంటాయి. తప్పు నొక్కినా వెనక్కి రావచ్చు. కాల్‌లో అయితే విన్నది గుర్తుపెట్టుకోవాలి.

నాకు మాత్రం తేల్చేది ఒక్కటే: ఆ ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? పోయినేడు మేం చేసిన యాప్ పట్టుకుని పరకాల దగ్గర ఒక ఊళ్లో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాం. ఆయనది బటన్ల ఫోన్, ఐదు అంకె అరిగిపోయింది. "మా పిలగాని నంబర్ ఇచ్చిన సారూ, ఓటీపీ పట్నంల వానికే పోతది" అన్నాడు. కొడుకు డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. ఇక్కడేమో రాత్రి జల్లుకు వాకిట్లో పోసిన పత్తి తడిసింది. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. రెండు రోజులు ఆరబెట్టాలి, అంటే స్లాట్ మార్చాలి. గుప్పెడు పత్తి పిసికి "ఇయ్యాల పోదు" అని చెప్పింది ఆయన భార్య. మా యాప్ లెక్కలో ఆమె లేనే లేదు. కోడ్ మొదలుపెట్టే ముందు ఒక పూట ఆ వాకిట్లో కూర్చుని ఉంటే ఇదంతా తెలిసేది. జనం తీరు తెలుసుకోవడమంటే సర్వే ఫారాలే అనుకున్నాను మరి.

అందుకే నా మొగ్గు కాల్ వైపు. గుజరాత్ రైతుల కోసం 2008లో 'అవాజ్ ఓటలో' అనే ఫోన్ సేవ రూపొందించారు. ఓటలో అంటే ఇంటి ముందు అరుగు. ఫోన్ చేసి ప్రశ్న చెబితే రికార్డవుతుంది, జవాబు మళ్లీ వినొచ్చు. అక్కడ పోల్చి చూస్తే, ఫోన్‌కు నోటితో చెప్పడం కంటే అంకెలు నొక్కడమే జనానికి బాగా కుదిరింది. మేం చేసిన కాల్‌లోనూ అంకెలే పెట్టాం, కానీ అత్యాశకు తొమ్మిది ఎంపికలు పెట్టాం. నాలుగోది వినేలోపే ఫోన్ పెట్టేసేవాళ్లు. ఇప్పుడు మూడే. టచ్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకోగానే అంకెలు మాయమయ్యే తంటా ఇంకా తీరలేదు.

వాట్సాప్ గ్రూపా? గుడ్‌మార్నింగ్ పూల మధ్య స్లాట్ వెతుక్కోవాలి. ఎస్సెమ్మెస్ ఖరారు చెప్పడానికి సరిపోతుంది.

యాప్ పూర్తిగా మానేయమనను. పట్నంలో ఉన్న కొడుక్కి అది ఉండనివ్వండి. కానీ ఓటీపీ లేకుండా, వాకిట్లో ఉన్న మనిషి ఫోన్ చేసి స్లాట్ మార్చుకోగలగాలి. మార్చిన సంగతి కొడుక్కి మెసేజ్‌గా వెళ్తే చాలు.