కంప్యూటర్లు, అర్థశాస్త్రం: ఏ దారిలో కలిపి చదవడం మేలు?

జనానికి పనికొచ్చే పని చేయాలనీ, అందుకు కంప్యూటర్ సైన్సునూ అర్థశాస్త్రాన్నీ కలిపి చదవాలనీ అనుకునే ఇంటర్ విద్యార్థికి హైదరాబాదులో మూడు దారులు కనిపిస్తాయి. శామీర్‌పేట దగ్గరి బిట్స్ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌లో చేరి, రెండో ఏడాది నుంచి ఒక ఇంజనీరింగ్ బ్రాంచిని జతచేసుకునే ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ మొదటిది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్సును మానవీయ శాస్త్రాలతో కలిపే ఐదేళ్ల కోర్సు రెండోది. అందులో థీసిస్ తప్పదు, అర్థశాస్త్రమే కేంద్రం కాదు. ఏదో ఒక కాలేజీలో సీఎస్‌ఈ చదువుతూ దానికి తోడుగా అర్థశాస్త్రాన్నీ చదువుకోవడం మూడోది.

రెంటినీ కలపడం దేనికో ముందు చూద్దాం. బస్తీలోని రేషన్ దుకాణంలో, నలుగురిళ్లలో అంట్లు తోమి వేలి గీతలు అరిగిపోయిన ఒకామె ఈ-పాస్ యంత్రం మీద మూడుసార్లు వేలు పెట్టినా ముద్ర పడదు. ప్రోగ్రామర్‌కు అది యంత్రం చేసిన పొరపాటు. మళ్లీ రమ్మన్న రోజున ఆమె పోగొట్టుకునే కూలిని లెక్కగట్టేది అర్థశాస్త్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలినీ పింఛన్లనూ వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో చెల్లించినప్పుడు, కార్డులు ముందుగా ఏ మండలాలకు అందాలో లాటరీతో తేల్చారు. 157 మండలాల్లో సాగిన ఆ పరిశీలన వల్లనే కూలి త్వరగా అందిందనీ, మధ్యలో జారిపోయే సొమ్ము తగ్గిందనీ రుజువైంది. కార్డు ఎంత బాగా పనిచేసినా, అది రాని మండలాలతో పోల్చకుండా ఆ మాట అనగలిగేవారు కాదు.

అందుకే నా మొగ్గు మొదటి దారి వైపే. కోడింగ్ అమీర్‌పేటలో ఆరు నెలల్లో పట్టుబడుతుందేమో గానీ, 'ఇది లేకపోతే ఏమయ్యేది?' అని అడిగే అలవాటును అక్కడ ఎవరూ నేర్పరు. అయితే బిట్స్‌లో బ్రాంచి మొదటి ఏడాది మార్కులను బట్టి దక్కుతుంది కనుక కంప్యూటర్ సైన్స్ వస్తుందన్న హామీ లేదు. పైగా ఫీజు మధ్యతరగతి ఇంటికి బరువే. ఆ బరువు మోయలేనివారికి కన్వీనర్ కోటాలో సీఎస్‌ఈ సీటే మేలు. కానీ కాలేజీని ఎంచుకునేటప్పుడు ప్లేస్‌మెంట్లను మాత్రమే చూడకుండా, అక్కడ అర్థశాస్త్రాన్ని మైనర్‌గా, అంటే ప్రధాన డిగ్రీకి తోడు సబ్జెక్టుగా ఇస్తారా, అందులో ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో పరీక్షించే పద్ధతులు) ఉందా, ఆ తరగతులు సీఎస్‌ఈ ల్యాబ్ వేళలతో ఢీకొంటాయా అని సీనియర్లను ముందే అడగాలి.