"మిక్స్ మటన్" బోర్డు చూసి కొనేటోళ్లు జర జాగ్రత్త

హన్మకొండ, కాజీపేట దిక్కు ఆదివారం మటన్ తెచ్చుకునేటోళ్లు ఇది ఒక్కసారి చదువుండ్రి. అంతట కిలో 800 మీద నడుస్తుంటే, ఒక దుకాణంల "మిక్స్ మటన్ 550" అని బోర్డు పెట్టిండ్రు. మిక్స్ అంటే ఏందన్నా అని అడిగితే, "బొక్కలు జర ఎక్కువుంటయి, అంతే" అన్నడు. మా ఇంట్ల బొక్కల కూర అంటే అందరికీ పానం. మెడ, సీనా (రొమ్ము బొక్కలు), నల్లి (మూలుగ బొక్క) పడితేనే పులుసుకు రుచి. సరే కిలో ఇయ్యమన్న. లోపల్నుంచి ముందుగాలనే కొట్టి పెట్టిన కవరు తెచ్చి కాంట మీద పెట్టిండు.

గిన్నెల పోసి కడిగితే అసలు సంగతి బయటపడ్డది. మెడ లేదు, సీనా లేదు. కండంత కీమాకు, బోన్‌లెస్‌కు ఒలుచుకున్నంక మిగిలిన వెన్నుపూసలు, కీళ్లు. బొక్క మీద కత్తితోని గీకిన గీతలు సాఫ్ కనబడుతున్నయి. తూకానికి చర్బీ (కొవ్వు), తెల్ల పొరలు కలిపిండ్రు. ఒక కీలు ముదురు పొట్టేలుది, ఇంకొకటి లేత మేకది. నాలుగు యాటలవి పోగు చేసి కవర్ల నింపినట్టున్నరు. నాకు ఎక్కువ భయమైంది మాత్రం సూదుల లెక్క విరిగిన బొక్క పలుకులకు. పులుసుల కలిసిపోతే కనబడయి. చిన్న పిల్లల గొంతుల ఇరుక్కుంటే ఎవరు జవాబు చెప్తరు?

మళ్లపోయి అడిగితే "ఆ రేటుకు గదే వస్తది" అన్నడు. ఒలిచిన బొక్కలు అమ్ముడు తప్పని నేననను, సూప్‌కు కొనేటోళ్లు ఉంటరు. గని ఒలిచినవని చెప్పి, వాటి రేటుకే అమ్మాలె.

బొక్కలు కావాలంటే పేరు పెట్టి అడుగుండ్రి: మెడనా, సీనానా, దస్తినా (ముందటి కాలు), నల్లినా అని. ఏలాడదీసిన యాట నుంచి కండ్ల ముందటనే కొట్టిచ్చుకోండి. చర్బీ తీసినంకనే కాంట పెట్టమనుండ్రి. సూప్ కోసమైతే పాయ (యాట కాళ్లు) కొనుడే నయం, దాంట్ల కలిపేది ఏం ఉండది. కొట్టి పెట్టిన కవరు ఇస్తే పైసలిచ్చే ముందే విప్పి చూడుండ్రి. బోనాలకు, దసరాకు పది కిలోలు, ఇరవై కిలోలు చెప్పేటోళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం. మోసం జరిగితే బిల్లు దగ్గర పెట్టుకొని 1915 కు ఫోన్ చేయుండ్రి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. తూకంల తేడా ఉంటే తూనికలు కొలతల శాఖోళ్లకు చెప్పుండ్రి.