బెని హసన్ యాత్ర: నాలుగు వేల ఏళ్ల నాటి కుస్తీ పట్లను చూపించే సేవపై సమీక్ష

కైరో నుంచి ఒక్క రోజులో బెని హసన్ సమాధులకు తీసుకువెళ్లి, రాత్రికి వెనక్కి చేర్చే గైడెడ్ యాత్ర గురించి ఈ సమీక్ష. పిరమిడ్లూ లక్సర్ ఆలయాలూ చూసి వచ్చే మన యాత్రికుల్లో చాలామంది ఈ ఊరి పేరు విని ఉండరు. కుస్తీ, జూడో, కర్రసాము వంటి విద్యలపై ప్రేమ ఉన్నవారికి మాత్రం ఈజిప్టులో దీనికి మించిన చోటు లేదని నా గట్టి అభిప్రాయం. నేను వెళ్లిన ఏజెన్సీ ప్రయాణపు ఏర్పాట్లు చక్కగా చేసింది కానీ, అసలు చూడవలసిన గోడ దగ్గర నిలబడే సమయాన్ని మాత్రం ఇవ్వలేదు.

కైరో నుంచి మిన్యా పట్టణం సుమారు 250 కిలోమీటర్లు. అక్కడి నుంచి దక్షిణంగా మరో ఇరవై కిలోమీటర్లు వెళితే, నైలు తూర్పు గట్టున సున్నపురాయి కొండను తొలిచి చేసిన 39 సమాధులు వరసగా కనిపిస్తాయి. కారు శుభ్రంగా ఉంది, డ్రైవరు నెమ్మదస్తుడు, టికెట్ల పని అంతా వాళ్లే చూసుకున్నారు. కొండపైకి మెట్లున్నాయి, ఎండ ఎక్కకముందే ఎక్కితే పెద్దవాళ్లకు కూడా కష్టం కాదు. సందర్శకులకు తెరిచి ఉంచేవి నాలుగు సమాధులు. ఈ ప్రాంతాన్ని ఫారోల తరఫున పాలించిన అధిపతులు క్రీస్తుపూర్వం 2000 ప్రాంతంలో, అంటే పదకొండు, పన్నెండు రాజవంశాల కాలంలో, తమ కోసం కట్టించుకున్నవి ఇవి.

అందులో పదిహేనో నంబరు సమాధి మూడవ బాకెత్ అనే అధిపతిది. దాని తూర్పు గోడ మీద సుమారు 220 జంటల మల్లులు వరసలు వరసలుగా కుస్తీ పడుతూ ఉంటారు. పైవరస మొదట్లో ఒక మల్లుడు నడికట్టు బిగించుకుంటూ కనిపిస్తాడు; ఒంటిమీద అంతకు మించి మరేమీ లేదు. ఆ తర్వాత చేతులు కలుపుకోవడం, మెడ పట్టడం, ఎదుటివాడి కాలు అందుకుని లేపడం, మనిషిని తలకిందులుగా ఎత్తివేయడం, కింద పడ్డాక కూడా వదలకుండా పెనుగులాడడం అన్నీ ఉన్నాయి. హైదరాబాదు తాలీంలలో వస్తాదులు నేర్పే పట్లను దగ్గర నుంచి చూసినవారు ఆ గోడ ముందు నిలబడితే, చాలా బొమ్మల్లో ఎవరి బరువు ఎటు వాలుతోందో, తర్వాత ఎవరు పడతారో ఇట్టే చెప్పగలరు.

ఆ చిత్రకారుడి తెలివిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ప్రతి జంటలోనూ ఒకరికి ముదురు రంగు, మరొకరికి లేత ఎరుపు రంగు వేశాడు. రెండు శరీరాలు ఎంతగా మెలికపడినా ఏ చెయ్యి ఎవరిదో, ఏ మోకాలు ఎవరి నడుము వెనక ఉందో తికమక పడకుండా తెలుస్తుంది. కేవలం అలంకారం కోసమే అయితే ఇంత శ్రద్ధ అవసరం లేదు. పట్టు అర్థం కావాలన్న పట్టుదల ఉన్నవాడే అలా వేస్తాడని నాకు అనిపించింది. ఆ వరసల కిందనే ఒక కోట ముట్టడి దృశ్యం కూడా ఉంది: విలుకాళ్లు బాణాలు వేస్తుంటే, కొందరు ఒక పైకప్పు చాటున నక్కి పొడవాటి వాసంతో గోడను పొడుస్తుంటారు. కుస్తీనీ యుద్ధాన్నీ ఒకే గోడ మీద కలిపి చూపారంటే, సైనికుల శిక్షణలో మల్లయుద్ధానికి చోటు ఉండేదని పండితులు ఊహించడం సమంజసమే. బాకెత్ కొడుకు ఖేతిదైన పదిహేడో నంబరు సమాధిలోనూ, అమెనెమ్‌హాత్ అనే మరో అధిపతి సమాధిలోనూ ఇలాంటి దృశ్యాలే ఉన్నాయి. మూడూ కలిపితే జంటల సంఖ్య సుమారు 400.

ఇంతటి గోడ దగ్గర మా గైడు మమ్మల్ని నిలబెట్టింది కాసేపే. అదే రోజు అమర్నా అనే ప్రాచీన నగర శిథిలాలు కూడా చూపించాలన్న తొందరలో ఆయన, ఇక్కడే ఉన్న ఖ్నుమ్‌హోతెప్ అనే అధిపతి సమాధిలోని విదేశీ వర్తకుల ఊరేగింపు దగ్గరే ఎక్కువసేపు మాట్లాడారు. అది ప్రసిద్ధ చిత్రమే, కాదనను. కానీ మల్లవిద్య కోసమే వస్తున్నామని బుకింగ్ సమయంలోనే చెప్పిన వారికి సమయాన్ని మరోలా కేటాయించి ఉండవలసింది.

గైడు చెప్పిన మాటల్లో ఒకదానితో నేను ఏకీభవించలేను. ప్రపంచంలోని యుద్ధవిద్యలన్నీ ఇక్కడే పుట్టి గ్రీసుకూ, అక్కడి నుంచి ఆసియాకూ పాకాయని ఆయన ధీమాగా చెప్పారు. ఈజిప్టులోనే ఇంతకన్నా పాతదైన సఖారాలోని ప్తాహ్‌హోతెప్ సమాధిలో కుస్తీ పడే కుర్రాళ్ల బొమ్మలున్నాయి. ఇరాక్‌లోని ఖఫాజా దగ్గర దొరికిన, ఇద్దరు మల్లులు ఒకరి నడుములు ఒకరు పట్టుకున్న లోహ ప్రతిమ కూడా బెని హసన్ కన్నా కొన్ని శతాబ్దాలు ముందుది. ఒక విద్యకు దొరికిన పాత చిత్రం దాని పుట్టుకకు సాక్ష్యం కాదు. మనుషులందరికీ ఉన్నవి రెండు చేతులు, రెండు కాళ్లు, ఒక నడుమే కనుక, ఎక్కడివారికి అక్కడ అవే పట్లు తోచడంలో వింత ఏమీ లేదు. తెలంగాణలో చాలా భాగాన్ని ఏలిన కళ్యాణి చాళుక్యుల్లో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో తన మానసోల్లాసంలో మల్లుల వర్గాలనూ, వాళ్ల ఆహారాన్నీ, సాధననూ వివరించాడు. అందుకు ఈజిప్టు గోడలు చూడవలసిన పని ఆయనకు లేదు.

గైడు చెప్పి ఉండవలసింది మరొకటి ఉంది. ఈ మిన్యా గవర్నరేట్‌లోనే, కైరో నుంచి వచ్చే దారికి పడమటి వైపున బహ్నసా అనే ఊరు ఉంది. ప్రాచీన కాలంలో దాని పేరు ఆక్సిరింకస్. అక్కడి చెత్తదిబ్బల్లో దొరికిన పపైరస్‌లలో (రెల్లుజాతి మొక్కతో చేసిన కాగితం మీది రాతల్లో) ఒకటి, క్రీస్తుశకం తొలి శతాబ్దాలకు చెందిన గ్రీకు కుస్తీ పాఠం. గురువు ఇద్దరు శిష్యులను మార్చి మార్చి ఉద్దేశించి, నువ్వు ఇలా పట్టు, నువ్వు ఇలా తిప్పు అంటూ, ఒక్కో అంచె చివర కలబడమని ఆజ్ఞాపిస్తాడు. ఆ పత్రం ఇప్పుడు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉంది కనుక బహ్నసాలో ఆగినా చూడలేము. అయినా రెండు వేల ఏళ్ల తేడాతో ఒకే ప్రాంతంలో ఒకచోట బొమ్మల పాఠం, మరొకచోట మాటల పాఠం దొరికాయన్న సంగతిని కారులో కూర్చున్నప్పుడే చెప్పి ఉంటే, ఆ గోడను చూసే చూపే మారిపోయేది.

వెళ్లదలచినవారు అమర్నాను మరో రోజుకు పెట్టుకుని, వీలైతే మిన్యాలో ఒక రాత్రి బస చేయాలి. పదిహేను, పదిహేడు నంబర్ల సమాధులకు కనీసం గంట చొప్పున ఇస్తామని ఏజెన్సీ చేత ముందే రాయించుకోవాలి. రంగులు చాలాచోట్ల వెలిసిపోయాయి కాబట్టి, ఈజిప్టు పురావస్తు పరిశోధకుడు పెర్సీ న్యూబెర్రీ బృందం అక్కడ నకలు తీసి 1893లో ప్రచురించిన రేఖాచిత్రాలను ప్రింటు తీసి వెంట తీసుకువెళ్లండి. ఆ పనిలో పాల్గొనడానికే, తర్వాత టుటన్‌ఖామున్ సమాధిని కనుగొన్న హోవర్డ్ కార్టర్ పదిహేడేళ్ల వయసులో మొదటిసారి ఈజిప్టుకు వచ్చాడు. గోడ మీద మసకబారిన పట్టును కాగితం మీది గీతతో పోల్చి చూసుకుంటే ఏ కాలు ఎక్కడ మెలిక పడిందో స్పష్టమవుతుంది. ఏజెన్సీ వాళ్లే ఆ ప్రతులను కారులో ఉంచితే ఈ సేవకు నేను ఇచ్చే మూడు నక్షత్రాలు తప్పకుండా నాలుగు అవుతాయి.