మళ్లీ నింపుకునే ఓఆర్‌పీ ఎలక్ట్రోడ్: ఏళ్ల వాడకం తర్వాత

ఈతకొలను నీటిని పరీక్షించడానికి గాజు గొట్టం ఉన్న ఓఆర్‌పీ ఎలక్ట్రోడ్‌ను (నీటికి ఆక్సీకరించే శక్తి ఎంతుందో మిల్లీవోల్టుల్లో చూపేది) ఏళ్లుగా వాడుతున్నాను. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను, అదీ ఒకే ఒక్క కారణంతో. పక్కన రబ్బరు మూత కింద చిన్న రంధ్రం ఉంటుంది. పోలికకు స్థిరమైన వోల్టేజీ ఇచ్చే భాగమే రిఫరెన్స్; అందులోని ద్రావణాన్ని ఆ రంధ్రంలోంచి తీసి, కొత్తది నింపుకోవచ్చు. జెల్ పోసి మూసేసిన రకాల్లో రిఫరెన్స్ చెడితే ఎలక్ట్రోడ్ మొత్తం పారేయాల్సిందే.

దాని విలువ ఒకసారి బాగా తెలిసివచ్చింది. క్లోరిన్, పీహెచ్ ఎప్పటిలాగే ఉన్నాయి. ఎండకు క్లోరిన్ పోకుండా కలిపే సయన్యూరిక్ ఆమ్లం ఎక్కువైతే ఈ అంకె తగ్గుతుంది, అదీ పెరగలేదు. అయినా 700 మిల్లీవోల్టులు దాటి ఉండే అంకె 670 దగ్గర ఆగిపోయింది. ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు నీటిని తాకి కొలిచే ప్లాటినం మీదే అనుమానం పోతుంది, దాన్ని రుద్ది మెరిపించాలనిపిస్తుంది. నేను దాని జోలికి పోకుండా క్విన్‌హైడ్రోన్ అనే పొడితో పరీక్ష పెట్టాను, బఫర్లలో (పీహెచ్ స్థిరంగా ఉండే ద్రావణాల్లో) దాన్ని కలిపితే రావాల్సిన అంకె ముందే తెలుసు. పీహెచ్ 7 బఫర్‌లోనూ, పీహెచ్ 4 బఫర్‌లోనూ ఆ పొడి వేసి, కొన్ని పలుకులు కరగక మిగిలేదాకా కలిపాను. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ రెండు అంకెల మధ్య తేడా 177 మిల్లీవోల్టుల చుట్టుపక్కల రావాలి. వచ్చింది! కానీ రెండూ ఉండాల్సినదానికన్నా దాదాపు 30 తక్కువ.

అంటే ప్లాటినం బాగానే ఉంది, తేడా రిఫరెన్స్‌లో. లోపలి పొటాషియం క్లోరైడ్ పలచబడితే సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ పొటెన్షియల్ పెరుగుతుంది, ఆ మేరకు మీటరు తక్కువ చూపిస్తుంది. సిరంజితో పాత ద్రావణం లాగేసి, కొత్తదానితో ఒకటికి రెండుసార్లు కడిగి, రంధ్రం అంచు కిందిదాకా నింపాను. అడుగున చిక్కుకున్న గాలి బుడగ పైకి వచ్చేలా గొట్టాన్ని వేలితో తట్టాను. మళ్లీ బఫర్లలో ముంచితే రెండు అంకెలూ తమ చోటికి వచ్చాయి. ఆ క్షణం కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. కొలను నీటిలో మాత్రం అంకె కుదురుకోవడానికి గంటలు పట్టింది, క్లోరిన్ నీటిలో ప్లాటినానికి అది మామూలే.

మీటరు మీది కాలిబ్రేషన్ బటన్ అంటే నాకు అందుకే గిట్టదు. ఒక్క నొక్కుతో ఆ 30ని కలిపేసి, లోపల ఉన్న జబ్బును కప్పేసేది.

అయితే ఆ రంధ్రంతో చాకిరీ కూడా ఉంది. కొలిచేటప్పుడు మూత తెరిచి ఉండాలి. లోపలి ద్రావణం మట్టం బయటి నీటికన్నా పైనే ఉండాలి, లేదంటే నీరే లోపలికి చేరుతుంది. లోతైన తొట్టిలో ముంచినప్పుడు ఇది కష్టం. నా ఎలక్ట్రోడ్‌లో ద్రావణం పలచబడింది అలాగేనని నా అనుమానం. క్విన్‌హైడ్రోన్ కలిపిన బఫర్ కొన్ని గంటలకే పనికిరాకుండా పోతుంది కాబట్టి, ప్రతి పరీక్షకూ కొత్తగా కలుపుకోవాలి. వాడనప్పుడు కొనను పొటాషియం క్లోరైడ్‌లోనే ఉంచాలి, డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచితే ఉప్పు బయటికి పోతుంది.

నేను చేత్తో పట్టుకుని కొలుస్తాను, బఫర్లు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి, ఈ పని మీద ఇష్టమూ ఉంది. అందువల్ల నాకు ఇది సరిపోయింది. ఒత్తిడి ఉన్న పైపులో బిగించి, క్లోరిన్ పంపును దాని అంకెకే వదిలేసేవాళ్లకు మాత్రం జెల్ రకమే నయమని చెబుతాను, దాన్ని తరచూ మార్చాల్సి వచ్చినా సరే.