మా కాలనీ కాపలా సేవ: ఏడాది అనుభవం

గత ఏడాది ఫిబ్రవరిలో మా కాలనీ సంక్షేమ సంఘం ఒక ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీకి కాపలా బాధ్యత అప్పగించింది. ఏజెన్సీ పేరు రాయడం లేదు. ఇలాంటి ఒప్పందం చేసుకోబోయే కాలనీలకు పేరు కన్నా పని తీరు తెలియడం అవసరం.

మాది కూకట్‌పల్లి ప్రాంతంలోని 118 ఇళ్ళ కాలనీ. 2017 నవంబరులో మియాపూర్ మెట్రో మొదలైన తరువాత మా వీధుల రూపు మారింది. పెంకుటిళ్ళూ డాబా ఇళ్ళూ ఒక్కొక్కటిగా ఐదంతస్తుల హాస్టళ్ళయ్యాయి, అర్ధరాత్రి దాకా టిఫిన్ బండ్లు వెలుగుతున్నాయి, గేటు దగ్గర కనిపించిన మనిషి ఎవరింటివాడో చెప్పగలిగిన రోజులు పోయాయి. కాలనీ ప్రహరీ వెంబడి ఉన్న ఫుట్‌పాత్ మీద రాత్రిపూట పదిమంది దాకా పడుకుంటున్నారు. ఇంతలో ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేస్తున్న గృహిణి మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుపోయారు. తెంపినవారు ఇద్దరు, బండి మీద వచ్చి బండి మీదే పోయారు. అయినా ఆ వారం జరిగిన సమావేశంలో మాటలన్నీ ఫుట్‌పాత్ మీద పడుకునేవారి చుట్టూనే తిరిగాయి.

ఒప్పందం ప్రకారం నలుగురు గార్డులు, రెండు షిఫ్టులు, పదహారు కెమెరాల నిర్వహణ. గార్డు ఒక్కరికి 19,500 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం నెలకు 92,040 రూపాయలు. ఇంటికి 780 పడుతుంది. చుట్టుపక్కల కాలనీలతో పోలిస్తే ఇది ఎక్కువ కాదు.

ముందుగా మెచ్చుకోవలసినది చెబుతాను. సంక్రాంతికి సగం కాలనీ ఊళ్ళకు వెళ్ళిపోతుంది. తాళం వేసిన ఇళ్ళ కోసం దొంగలు చూసే రోజులవే. ఊరెళ్ళేవారు స్టేషన్‌లో చెప్పి వెళ్ళమని పోలీసులు ఏటా కోరుతూనే ఉంటారు, చెప్పేవారు మాత్రం తక్కువ. ఈ ఏడాది రాత్రి గార్డు ఒక నోటు పుస్తకంలో ఊరెళ్ళిన ఇళ్ళ నంబర్లు, తిరిగి వచ్చే తేదీలు రాసుకుని, ప్రతి రెండు గంటలకు తాళాలు పట్టి చూసి సంతకం పెట్టాడు. నేను ఊరి నుంచి వచ్చి ఆ పుస్తకం తిరగేశాను. పండుగ మూడు రోజులూ ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క ఇంట్లో దొంగతనం జరగలేదు. రాత్రి పది తరువాత రెండో గేటు మూయించినది కూడా ఏజెన్సీయే. తాడు తెంపినవారు ఆ గేటులోంచే లోపలికి వచ్చారు.

కెమెరాల విషయంలో మాత్రం మోసపోయామనే చెప్పాలి. ఆగస్టులో ఒక బైకు పోయింది. యజమాని పన్నెండో రోజున ఫుటేజీ అడిగితే, డీవీఆర్‌లో, అంటే కెమెరాల రికార్డింగు దాచే పెట్టెలో, తొమ్మిది రోజుల రికార్డింగు మాత్రమే నిలుస్తుందని అప్పుడు బయటపడింది. జనం పెద్ద సంఖ్యలో వచ్చిపోయే సంస్థలు ముప్ఫై రోజుల ఫుటేజీ దాచాలని 2013 నాటి ప్రజా భద్రత చట్టం చెబుతుంది. ఆ సంగతి మాకు ఒప్పందానికి ముందు ఏజెన్సీ ప్రతినిధే గొప్పగా వివరించాడు. తన సొంత పెట్టెలో ఎంత హార్డ్ డిస్కు ఉందో మాత్రం చెప్పలేదు. పైగా గేటు కెమెరాను ఎంత కిందికి బిగించారంటే, ఎదురుగా వచ్చే బండి హెడ్‌లైటు వెలుగుకు నంబరు ప్లేటు తెల్లటి మచ్చలా కనిపిస్తుంది.

ఇక గార్డులు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. దాని నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు వంద గంటల తరగతి శిక్షణ, అరవై గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా రాత్రి గార్డును "ఎన్నాళ్ళు నేర్పారు బాబూ?" అని అడిగాను. "ఒక్క రోజు సార్, యూనిఫాం కొలతలు తీసిన రోజు" అన్నాడు. పన్నెండు గంటల డ్యూటీకి అతని చేతికి వచ్చేది 13,000. నాలుగు మంచాలున్న గదిలో ఎనిమిది మంది షిఫ్టుల వారీగా పడుకుంటారు. తన షిఫ్టు మంచం ఖాళీ కాని రోజున మా సెల్లార్‌లో మీటర్ల పక్కన అట్టముక్క పరచుకుని కునుకు తీస్తాడు. ఫుట్‌పాత్ మీది వారిని తరమవలసినవాడు అతనే.

నవంబరు చివరలో ఒక రాత్రి పదకొండు దాటాక బయటికి వచ్చినప్పుడు, ఆ తరమడం ఎలా సాగుతున్నదో చూశాను. గార్డు తోట పైపు లాక్కొచ్చి ప్రహరీ పొడవునా ఫుట్‌పాత్ తడుపుతున్నాడు. తడిస్తే ఎవరూ పడుకోరు కదా. రెండు గోనెసంచుల మూటలతో ఒక ముసలామె ఎదురుగా మెట్రో స్తంభం కింద నిలబడి ఆరే వరకు చూస్తోంది. పాలమూరు నుంచి వచ్చిన ఒక జంట, పక్క వీధిలో కడుతున్న హాస్టల్లో ఇటుకలు మోసేవారు, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని బొంతను పిండుతున్నారు. ఇది గార్డు సొంత ఆలోచన కాదు, సూపర్‌వైజర్ ఆదేశం. నెలవారీ నివేదికలో "అనుమానితుల తొలగింపు" అని ఒక గడి ఉంది. ఆ నెల అందులో 14 అని వేశారు. కాపలాకని మేము ఇచ్చిన డబ్బుకు లెక్క చూపిన తీరు అది.

సమావేశంలో అభ్యంతరం చెప్పాను. ఒక పెద్దాయన "ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు రోడ్డు మీద ఒక్కడైనా కనిపించాడా? మనసుంటే మార్గం ఉంటుంది" అన్నారు. అప్పటి అమెరికా అధ్యక్షుడి కూతురు ఇవాంకా నగరానికి వచ్చే ముందు, 2017 నవంబరులో నగర పోలీసు కమిషనర్ ఉత్తర్వు రెండు నెలలపాటు నిషేధించినది భిక్షాటనను. దొరికినవారిని చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి తరలించారు. మా ప్రహరీ పక్కన పడుకునే వారిలో ఎక్కువమంది పగలు కూలికి వెళ్ళేవారే. ఇల్లు లేనంత మాత్రాన వారిని అనుమానితుల గడిలో వేసే అధికారం నెలకు 92 వేలు తీసుకునే ఏజెన్సీకి ఎవరిచ్చారు? ఆ మాటకు సభలో సగం మంది తల ఊపారు. మిగతా సగానికి భయం నిజమైనది, తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు. రాత్రి పదింటికి కోచింగు నుంచి నడిచి వచ్చే కూతురున్న తల్లి అక్కడ చీకటిగా ఉందని చెబితే వినాలి. ఆ చీకటి పోవడానికి రెండు వీధి దీపాలు వెలిగించాలి, అవి డిసెంబరులో వచ్చాయి.

పైపుతో తడపడం ఆగాక ప్రత్యామ్నాయం చూద్దామని ముగ్గురం దగ్గరలోని ఒక రాత్రి షెల్టరుకు వెళ్ళాం. నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు, రోజంతా తెరిచి ఉండేలా నడపాలన్నది సుప్రీంకోర్టు చెప్పిన లెక్క. మేము చూసినది మగవారికి మాత్రమే. పాలమూరు జంట అక్కడికి రాదు. భర్త ఒకచోట, భార్యాపిల్లలు మరోచోట పడుకోవడానికి వారు ఒప్పుకోలేదు, నేనైనా ఒప్పుకోను. ముసలామె ఆడవారి షెల్టరు మాట ఎత్తగానే తన మూటల గురించి అడిగింది. వాటిని దాచే బీరువా అక్కడ లేదని ఫోన్‌లో చెప్పారు.

మార్చిలో ఒప్పందాన్ని ఆరు నెలలకే పొడిగించాం. ముప్ఫై రోజుల రికార్డింగు, గేటు కెమెరా ఎత్తు మార్పు, గార్డులకు పీఎఫ్, ఈఎస్ఐ చెల్లించిన రసీదుల నకలు, ఫుట్‌పాత్ మీది వారిని తాకకూడదన్న షరతు చేర్చాం. కెమెరా పైకెక్కింది, రసీదులు ఇంకా రాలేదు. నా లెక్కలో ఐదుకు రెండున్నర, అందులో రెండు సంక్రాంతి నోటు పుస్తకానివి. ఏప్రిల్ నివేదికలో "అనుమానితుల తొలగింపు" గడి అలాగే ఉంది. ఈసారి అందులో సున్నా వేసి పంపారు.