ఫిలిం స్కోరింగ్ ఆన్‌లైన్ కోర్సు: ట్యూన్ కట్టడం బాగా నేర్పారు, మిగతా పని మాత్రం సగమే

నాలుగు నెలల కోర్సు మొన్ననే పూర్తయింది. పేరు అడగకండి, తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. సినిమాలకు, టీవీ సిరీస్‌లకు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేసే కెరీర్‌లోకి వెళ్లాలనుకునేవాళ్లకి అని ప్రకటనలో ఉంటుంది. కీబోర్డ్ వాయించడం, సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్‌లు పేర్చడం ముందే వచ్చు కాబట్టి చేరాను. అవి రాకుండా చేరితే మొదటి వారంలోనే మునిగిపోతారు.

ముందు మంచి మాట. మొదటి నెల అద్భుతం. ఒకటిన్నర నిమిషం సీన్ ఇచ్చారు, ఒకమ్మాయి ఉత్తరం విప్పి చదివి మడిచి పెట్టేస్తుంది, అంతే. నేను అందరిలాగే ఉత్తరం విప్పగానే వయొలిన్లు మొదలుపెట్టాను. టీచర్ నా మ్యూజిక్‌లో ఒక్క నోటు కూడా మార్చకుండా, దాన్ని జరిపి ఉత్తరం మడిచిన తర్వాత మొదలయ్యేలా పెట్టి చూపించారు. నేను చేసినప్పుడు ఆ అమ్మాయి మీద జాలిపడమని ప్రేక్షకుడికి ముందే చెప్పేసినట్టుంది, ఆయన జరిపాక అసలు ఏం చదివిందో అని మనమే ఆలోచిస్తాం. డైరెక్టర్‌తో కూర్చుని సంగీతం ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అని తేల్చుకునే స్పాటింగ్ అంటే ఏమిటో ఆ పది నిమిషాల్లో అర్థమైంది. ఎక్కడ మ్యూజిక్ వద్దో కూడా అక్కడే తేలాలి. డైరెక్టర్ హిచ్‌కాక్ 1960 నాటి సైకో సినిమాలో షవర్ సీన్‌కి సంగీతం వద్దనుకున్నాడు, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాయిద్యాలతోనే రాసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఈ కథ ఎన్నోసార్లు విన్నాను, కానీ ఆ సీన్‌ని సౌండ్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి చూపిస్తే గానీ తలకెక్కలేదు.

టెంప్ ట్రాక్ పాఠం దగ్గర నుంచి నాకు చిరాకు మొదలైంది. ఎడిటింగ్‌లో తాత్కాలికంగా ఏదో పాత మ్యూజిక్ పెట్టుకుంటారు, నెలల తరబడి అదే విని విని డైరెక్టర్‌కి అదే నచ్చేస్తుంది, అప్పుడు మనం ఏం రాసినా "బాగుంది కానీ..." అంటారు. 1968లో వచ్చిన 2001: ఎ స్పేస్ ఒడిస్సీ సినిమాకి అలెక్స్ నార్త్ రాసిన సంగీతాన్ని పక్కన పెట్టి డైరెక్టర్ కుబ్రిక్ టెంప్‌గా పెట్టుకున్న పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం రికార్డులనే ఉంచేసిన సంగతి చెప్పి, నవ్వించి, పాఠం ముగించారు. సరే, రేపు నాకు అదే జరిగితే ఏం చేయాలి? ఆ టెంప్‌లో నచ్చింది వేగమా, వాయిద్యమా, ఆ నిశ్శబ్దమా అని డైరెక్టర్‌ని విడదీసి అడగాలని నాకు తెలిసింది ఈ కోర్సులో కాదు, ఒక ఫ్రెండ్ షార్ట్ ఫిలిం చేస్తూ మూడు వెర్షన్లు చెత్తబుట్టలో పడ్డాక.

సంగీతాన్ని బొమ్మతో సరిగ్గా కలిపే లెక్కల భాగం మరీ తేలిగ్గా తీసేశారు. సెకనుకి 24 ఫ్రేములైతే 120 టెంపోలో, అంటే నిమిషానికి 120 బీట్లయితే, ఒక్కో బీట్‌కి సరిగ్గా 12 ఫ్రేములు, ఇంతవరకు చెప్పారు. చాలా వీడియోలు నిజానికి 23.976 మీద నడుస్తాయని ఒక్క స్లైడ్ పెట్టి వదిలేశారు. ఆ షార్ట్ ఫిలింకే నా ప్రాజెక్ట్‌ని 24లో పెట్టుకుని, ఎడిటర్ రాసిచ్చిన టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకీ ఉండే గంట-నిమిషం-సెకను-ఫ్రేము నంబరు) చూసి మ్యూజిక్ పెట్టుకుంటూ పోయాను. పదో నిమిషానికి వచ్చేసరికి 0.6 సెకను తేడా, అంటే దాదాపు 14 ఫ్రేములు. తలుపు పడకముందే డ్రమ్ పడింది! మిక్సింగ్ రోజు నా టెన్షన్ చెప్పలేను. దీనికి ఒక క్లాసు మొత్తం కేటాయించాల్సింది.

డబ్బు చెల్లించినందుకు నిజంగా గిట్టింది పదమూడో వారం. ఒక మ్యూజిక్ ఎడిటర్ వచ్చి రెండు గంటలు మాట్లాడారు. పిక్చర్ లాక్ అయింది, అంటే ఇక ఎడిటింగ్‌లో మార్పులు ఉండవు అంటే నమ్మొద్దు, మళ్లీ కట్ చేస్తారు, అందుకే తీగ వాయిద్యాలు, పెర్కషన్, సింథసైజర్ దేనికది విడి ఫైళ్లుగా, అంటే స్టెమ్స్‌గా ఇవ్వండి, అప్పుడే కత్తిరించి అతికించడం వీలవుతుంది అన్నారు. ఫైళ్లకి 1ఎం1, 1ఎం2 అని రీలు నంబరు, ఆ రీలులో మ్యూజిక్ వరస నంబరుతో పేర్లు పెట్టడం, 48 కిలోహెర్ట్జ్‌లో ఇవ్వడం, ఇలాంటివన్నీ. క్యూ షీట్ గురించి ఆయన చెప్పింది అందరూ వినాలి. ఏ మ్యూజిక్ ఎన్ని సెకన్లు, ఎవరు రాశారు, ఎవరి వాటా ఎంత అన్న ఆ కాగితం సరిగ్గా నింపకపోతే ప్రసారం మీద రావాల్సిన రాయల్టీ మీదాకా రాదు. ప్యాకేజీ ఒప్పందం సంగతి కూడా ఆయనే చెప్పారు: మొత్తం ఒకేసారి ఇస్తారు, వాయించేవాళ్లకి, స్టూడియోకి, మిక్సింగ్‌కి అందులోంచే పెట్టుకోవాలి, మిగిలిందే మన సంపాదన. ముందే లెక్క వేసుకోకపోతే ఏమీ మిగలదు.

టీవీకి ఒక్క వారమే ఇచ్చారు. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ తరుముకొస్తుంటే ఒకే థీమ్‌ని పది రకాలుగా వాడుకోవడం ఎలాగో చూపించలేదు.

ఇక కెరీర్ గైడెన్స్ అన్నది ఉత్త మాట. హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్ దగ్గర పనిచేసి పైకొచ్చిన జాన్ పావెల్, రామిన్ జవాదీల ఫోటోలు చూపించి "అసిస్టెంట్‌గా చేరండి" అన్నారు. ఎలా అడగాలి, మన పని చూపించే షోరీల్ వీడియో ఎంతసేపు ఉండాలి, మన పేరు పడకుండా రాసిపెట్టాల్సి వస్తే ఏం మాట్లాడుకోవాలి, ఏమీ లేదు. అసైన్‌మెంట్ పెడితే రెండు రోజుల్లో అభిప్రాయం చెప్తామన్నారు, నాకు ఒకసారి తొమ్మిది రోజులు పట్టింది, అది కూడా "నైస్ మూడ్" అని రెండు ముక్కలు.

అయిదుకి మూడు ఇస్తాను. ఇప్పటికే ఒకటో రెండో షార్ట్ ఫిలింలు చేసి దెబ్బలు తిన్నవాళ్లకి బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఏం అడగాలో మీకు తెలిసి ఉంటుంది. చేరితే మాత్రం పదమూడో వారం నోట్స్ వెంటనే రాసిపెట్టుకోండి, వీడియోలు ఏడాది వరకే ఉంటాయని చేరాక గానీ చెప్పరు.