మా దొడ్డిలో కుళాయి టైమర్: నాలుగు వేసవుల తర్వాత

తెల్లవారుజామున ఐదింటికి మా దొడ్డి వైపు నుంచి గర్రుమని చిన్న చప్పుడు వస్తుంది. రెండు మూడు సెకన్లు, అంతే. మొక్కలకి వేళకి నీళ్ళు వదిలి, తనే కట్టేసేలా కుళాయికి బిగించిన టైమర్ లోపల వాల్వు తిరిగిన చప్పుడది. అది వినిపిస్తే అమ్మ అటు తిరిగి ఇంకో గంట పడుకుంటుంది. ఈ వస్తువు గురించి ఏం చెప్పినా ముందు ఆ గంట నిద్ర గురించే చెప్పాలి. 2022 వేసవి దాకా ఆ వేళకి ఆవిడ మోకాళ్ళు పట్టుకుంటూ, బకెట్టూ చెంబూ మోసుకుంటూ మొక్కల మధ్య తిరుగుతూ ఉండేది.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి దొడ్డిలో రేకుల పాక ఎగిరిపోయింది, పాత మట్టి ప్రహరీ సగం కూలింది. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కొంచెం కొంచెంగా బాగుచేయించుకున్నాం. ప్రహరీ మళ్ళీ లేపి, నడవడానికి పేవర్ బ్లాకులు పరిపించి, గోడ పొడవునా మూడడుగుల మట్టి వదిలాం. అందులో ఆనప, బీర పాదులు, వంగ, బెండ, ఒక నిమ్మ, మూడు అరటి పిలకలు. కుండీల్లో అమ్మ మల్లెలు, కనకాంబరాలు. దొడ్డి చూడముచ్చటగా తయారైంది గానీ అమ్మ ఇల్లు కదలడం మానేసింది. శ్రీకాకుళంలో మా అక్క ఇంటికి బస్సెక్కితే రెండు గంటలు. వేసవిలో ఎప్పుడు రమ్మన్నా ఒకటే మాట: "నేనొస్తే వీటికి నీళ్ళెవరు పోస్తారే?"

డ్రిప్పు పైపులు ఎలా వేయాలో ఇక్కడ రాయను, పొలాల్లో అందరం చూస్తున్నదే. అసలు సంగతి టైమర్‌ది. అందులోనూ మొదటిది కొని నేను దెబ్బ తిన్నాను.

ఆ మొదటిది సోలినాయిడ్ వాల్వు ఉన్న రకం. అందమైన డిస్‌ప్లే, వారంలో ఏ రోజు ఏ టైముకి కావాలంటే ఆ టైముకి పెట్టుకునే సౌకర్యం. బిగించాను. టైము అయింది, టిక్కుమంది, నీళ్ళు రాలేదు. విప్పి మళ్ళీ బిగించాను, టేపు చుట్టాను, ఫిల్టరు కడిగాను. టిక్కుమంటుంది, అంతే. రెండు రోజుల తర్వాత అట్టపెట్టె పక్కన సన్నక్షరాలు చదివితే తెలిసింది, దానికి కనీసం 0.5 బార్ ఒత్తిడి కావాలట. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మాది ఒకటే అంతస్తు, శ్లాబు మీద మూడడుగుల దిమ్మ, దాని మీద ట్యాంకు. కుళాయి దగ్గరికి వచ్చేసరికి నాలుగు మీటర్లు, అంటే 0.4 బార్. ఆ రకం వాల్వులో రబ్బరు పొరని పైకి లేపేది నీటి ఒత్తిడే. కరెంటు చేసేది చిన్న రంధ్రం తెరవడం వరకే. నీళ్ళకి బలం లేకపోతే ఆ పొర లేవదు. మున్సిపాలిటీ పైపుకో, నేరుగా మోటారుకో తగిలించుకునే వాళ్ళకి అది బాగానే పనిచేస్తుంది. ట్యాంకు నీళ్ళ మీద బతికే మాలాంటి ఇళ్ళకి కాదు.

దాన్ని తిరిగి పంపించి బాల్ వాల్వు రకం తెప్పించాను. ఇందులో చిన్న మోటారు ఉంటుంది. మధ్యలో రంధ్రం ఉన్న బంతిని పావు చుట్టు తిప్పుతుంది. రంధ్రం పైపుకి ఎదురుగా వస్తే నీళ్ళు, పక్కకి తిరిగితే బందు. నీటి ఒత్తిడితో దానికి పని లేదు, ట్యాంకులో అడుగున జానెడు నీళ్ళున్నా పారిస్తుంది. నేను దీని మీద ఇంత ప్రేమ పెంచుకున్నది ఈ ఒక్క గుణానికే. డిస్‌ప్లే లేదు, రెండు గుండ్రటి మీటలు మాత్రమే. ఎన్ని గంటలకోసారి అన్నది ఒకదానిమీద, ఎన్ని నిమిషాలు అన్నది రెండోదానిమీద. అమ్మకి చదివి చెప్పనక్కర్లేకుండా అర్థమైపోయింది.

ఎన్ని నిమిషాలు పెట్టాలో తేల్చుకోవడానికి ఒక పూట కేటాయించాను. మొక్క దగ్గర నీళ్ళు చుక్కలుగా వదిలే డ్రిప్పర్ మీద గంటకి 4 లీటర్లు అని రాసి ఉంది. ఒకదాని కింద మట్టి తవ్వి లీటరు గుర్తులున్న పాత పాలక్యాను పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నాను. గంటకి నిండింది రెండున్నర లీటర్లే. పైపులో ఒత్తిడి తక్కువ కాబట్టి ధార కూడా తక్కువ. నలభై డ్రిప్పర్లకి గంటకి వంద లీటర్లన్న మాట. పన్నెండు గంటలకోసారి అరగంట చొప్పున పెట్టాను, పొద్దున ఐదుకి, సాయంత్రం ఐదుకి. రోజుకి వంద లీటర్లు. అంతకుముందు అమ్మ మోసినది కూడా ఇంచుమించు అంతే, ఏడు బకెట్లు. ఆ లెక్క చూశాక కాసేపు నాకు మాట రాలేదు.

మొదటి రెండేళ్ళు దీన్ని తెలిసినవాళ్ళందరికీ చెప్పాను. పాతపట్నంలో మా బావ చేత కూడా కొనిపించాను. మల్లెలు మునుపెన్నడూ లేనంతగా పూశాయి. నీళ్ళు ఒక రోజు ఎక్కువా ఒక రోజు తక్కువా కాకుండా వేళకి పడడమే కారణమని నా నమ్మకం.

2024 మే నెలలో అక్క కూతురి పెళ్ళి. అమ్మ మొదటిసారి పది రోజులకని బయల్దేరింది, మేమందరం కూడా. తాళం చెవి పక్కింటి మౌసీకి (ఒడియాలో పిన్నిని అలా అంటారు) ఇచ్చాం. ఆరో రోజు పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది.

"బాబూ, మీ దొడ్డిలోంచి నీళ్ళు మా మెట్ల దాకా వస్తున్నాయి. నేను రాత్రే బరంపురం నుంచి వచ్చాను. ఎప్పట్నుంచి పోతున్నాయో ఏమో!"

"మౌసీ, వెనక గుమ్మం పక్కన తెల్ల పైపుంటుంది, దానికి నీలం పిడి. దాన్ని పక్కకి తిప్పెయ్యండి."

"ఏ పక్కకి?"

"పిడి ఇప్పుడు పైపు వెంట నిలువుగా ఉంది కదా, అడ్డంగా తిప్పండి."

ఫోన్ కింద పెట్టినట్టున్నారు, నీళ్ళలో చెప్పుల చప్పుడు వినిపించింది. "బిగుసుకుపోయింది బాబూ... ఆఁ, తిరిగింది. ఆగాయి."

ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్ళిన రెండు రోజుల్లో ఎప్పుడో వాల్వు తెరుచుకుని మళ్ళీ మూతపడలేదు. ట్యాంకు ఖాళీ అయితే ఆగిపోవాలి కదా అంటారేమో. మా బోరు మోటారుకి ఆటోమేటిక్ స్విచ్చు ఉంది. ట్యాంకు తగ్గినప్పుడల్లా అది నింపుతూ పోయింది. రోజుకి 2,400 లీటర్లు, ఎండాకాలంలో.

ఇంటికి వచ్చేసరికి మట్టి బురదగా ఉంది, వంగమొక్కలు మాత్రం నీళ్ళు లేనట్టు తలలు వాల్చేసి ఉన్నాయి. ఒకటి పీకితే వేర్లు కుళ్ళి గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి, చేతి వేళ్ళ మధ్య నలిపితే తొక్క ఊడొచ్చింది. అమ్మ నన్నేమీ అనలేదు. ఒక్కొక్క మొక్కా పీకి, మట్టి దులిపి, గోడ పక్కన వరసగా పెట్టింది. పద్దెనిమిది మొక్కలు. మర్నాడు తెల్లారేసరికి మళ్ళీ బకెట్టు పట్టుకుంది. నాకు అంత బాధ ఆ టైమర్ పాడైనందుకు కలగలేదు.

విప్పి చూస్తే వాల్వు పాడవలేదు, సెల్లు అయిపోయాయి. లోపల రెండు సన్న పెన్సిల్ సెల్లు ఉంటాయి. ప్రయాణం హడావుడిలో మా వీధి కొట్లో ఆల్కలైన్ సెల్లు దొరక్క మామూలు చవక రకం వేశాను. గోడగడియారానికి అవి చాలు, మోటారు తిప్పడానికి చాలవు. తెరవడానికి సరిపోయిన శక్తి అరగంట తర్వాత మూయడానికి సరిపోలేదు. మల్టీమీటర్ పెట్టి కొలిస్తే 1.5 వోల్టులు చూపించాల్సినవి 1.1 చూపించాయి. తప్పులో సగం నాది, ఒప్పుకుంటాను. మిగతా సగం మాత్రం తయారుచేసినవాళ్ళదే. ఫోన్ చేస్తే, సెల్లు తగ్గితే ఎర్రలైటు వెలుగుతుంది కదండీ అన్నారు. ఇంటికి తాళం వేసి ఊరెళ్ళినవాళ్ళ కోసమే కదా ఈ వస్తువు! ఆ ఎర్రలైటు ఎవరు చూడాలి? సెల్లు తగ్గితే ముందు వాల్వు మూసేసి అప్పుడు ఆగే మోడళ్ళు ఉన్నాయి. కొనేవాళ్ళు మిగతా ఏదీ అడగకపోయినా ఆ ఒక్కటీ అడగండి.

ఇప్పుడు ఊరెళ్తే రెండు పనులు తప్పకుండా చేస్తాను. కొత్త ఆల్కలైన్ సెల్లు వేస్తాను. బోరు మోటారు ఆటోమేటిక్ స్విచ్చు ఆపేసి, ట్యాంకు నిండుగా పెట్టి వెళ్తాను. వాల్వు మళ్ళీ ఇరుక్కున్నా పోయేది ఆ వెయ్యి లీటర్లే. రోజుకి వంద లీటర్ల లెక్కన పది రోజులకి అది చాలు.

మొదట్లో పొగిడినవాటిలో కొన్ని ఇప్పుడు అంత గట్టిగా అనలేను. దీనికి గడియారం లేదు, మీట తిప్పిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది. ఐదింటికి నీళ్ళు కావాలంటే ఐదింటికే లేచి తిప్పాలి. సెల్లు మార్చిన ప్రతిసారీ అంతే. వానొచ్చిందని దానికి తెలియదు, జూన్ చివర్లో విప్పి లోపల పెట్టేస్తాను. మూడో వేసవికి పైన ప్లాస్టిక్ మూత ఎండకి పెళుసెక్కి పగిలింది, పాత డబ్బా బోర్లిస్తున్నాను. మా బోరు నీళ్ళకి డ్రిప్పర్ల నోట్లో తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఏడాదికోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. ఫిల్టరు జాలీ ఆదివారం ఆదివారం కడగాల్సిందే. ఉడతలు పైపు కొరికితే టైమర్ ఏం చేస్తుంది పాపం.

కొనొచ్చా అంటే, మా లాంటి ఇంటికి, ట్యాంకు తక్కువ ఎత్తులో ఉండి, పెద్దవాళ్ళు నీళ్ళు మోయలేని ఇంటికి, పక్కన ఒక మౌసీ ఉంటే, కొనొచ్చు. పది కుండీలున్న బాల్కనీకైతే నేను వద్దనే అంటాను. పూర్తిగా దీని మీద వదిలేసి నెల రోజులు ఊళ్ళు తిరుగుతామనే వాళ్ళకి నేను ధైర్యం చెప్పలేను.

ఈ ఏడాది మేలో అక్క ఇంటికి వెళ్దామని నేను అనకముందే అమ్మే అంది. ప్రయాణం ముందు రోజు సాయంత్రం బజారుకి వెళ్ళి, ఆల్కలైన్ అని రెండుసార్లు అడిగి మరీ సెల్లు కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టింది. మర్నాడు ఐదింటికి లేచి వేశాను. మీట తిప్పగానే గర్రుమంది. అరగంట అయ్యాక మళ్ళీ గర్రుమనేదాకా ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుంది. చివరి కుండీ దగ్గర చుక్క ఆగాక లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, "పద, బస్సు టైమవుతోంది" అంది.